సెక్షన్ 23 దగ్గర ఆగిపోయిన మా మేనల్లుడు

కిందటి ఏడాది మార్చిలో ఒక ఆదివారం ఉదయం మా అక్క కొడుకు ఫోన్ చేసి, "మామయ్యా, అమ్మకు తెలియకుండా మిమ్మల్ని ఒక సంగతి అడగాలి" అన్నాడు. కొలరాడోలో ఇంజనీరింగ్ పూర్తి చేసిన ఆ కుర్రవాడికి వర్జీనియాలో రక్షణశాఖ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. అయితే సీక్రెట్ స్థాయి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి, వస్తేనే ఆ ఉద్యోగం ఖాయమవుతుందని ఆఫర్ లెటర్‌లోనే రాశారు. క్లియరెన్స్ కోసం నింపవలసిన ఎస్ఎఫ్-86 అనే సుదీర్ఘమైన ప్రశ్నావళిలో ఉన్న ఇళ్ల చిరునామాలు, చదివిన చదువులు, ఇండియాలోని బంధువుల వివరాలు అన్నీ ఓపికగా రాసుకుంటూ వచ్చి, మాదకద్రవ్యాల గురించి అడిగే సెక్షన్ 23 దగ్గర వాడు ఆగిపోయాడు. కాలేజీ చివరి సంవత్సరంలో, ఇరవై ఒకటి నిండిన తర్వాత, స్నేహితులతో కలిసి నాలుగుసార్లు గంజాయి తీసుకున్నానని, అందులో ఒకసారి లైసెన్సు ఉన్న దుకాణంలో తానే గమ్మీలు, అంటే గంజాయి కలిపిన మిఠాయి బిళ్లలు, కొన్నానని, ఆ రాష్ట్రంలో అది చట్టబద్ధమే కనుక తప్పు చేస్తున్నానన్న ఆలోచన అప్పట్లో రాలేదని చెప్పాడు.

"రాయకు. నాలుగుసార్లే కదా, ఎవరు చూడవచ్చారు?" అన్నాను నేను, రెండో ఆలోచన లేకుండా.

ఆ మాట అన్నందుకు నేను చాలా బాధపడ్డాను, ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. నేను పాతికేళ్లుగా ఈ దేశంలో ఉన్నాను కానీ క్లియరెన్స్ అవసరమైన ఉద్యోగం ఎన్నడూ చేయలేదు. నాకు తెలియని విషయంలో, పిల్లవాడి భవిష్యత్తు మీద, మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాంటి సందర్భాల్లో చెప్పే మాటనే చెప్పాను. గుట్టు దాచుకోవడం, ఇంటి పరువు కాపాడుకోవడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటైన విద్యలు. ఆ రోజు ఫోన్ పెట్టేశాక మనసు కుదురుగా లేక నిబంధనలు చదవడం మొదలుపెట్టాను. రెండు వారాలు గడిచేసరికి, వాడికి నేనిచ్చిన సలహా గంజాయి కన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరమైనదని తెలిసివచ్చింది. నేను న్యాయవాదిని కాను. చదివి, తెలిసినవాళ్లను అడిగి అర్థం చేసుకున్నంతవరకే ఇక్కడ రాస్తున్నాను.

మొట్టమొదట తొలగించుకోవలసిన అపోహ, రాష్ట్రం అనుమతించింది కనుక తప్పు లేదన్నది. 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్ గంజాయిని షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో చేర్చింది. కొలరాడో ప్రజలు 2012 నవంబరులో ఓటు వేసి దానిని చట్టబద్ధం చేసుకున్నారు, 2014 జనవరి 1 నుంచి అక్కడ దుకాణాలు తెరుచుకున్నాయి. క్లియరెన్స్ ఉద్యోగాలు దండిగా ఉన్న రాజధాని ప్రాంతాన్నే తీసుకుంటే, వాషింగ్టన్ నగరంలో 2015 ఫిబ్రవరి నుంచి, వర్జీనియాలో 2021 జులై 1 నుంచి, మేరీల్యాండ్‌లో 2023 జులై 1 నుంచి పెద్దవాళ్లు పరిమితంగా దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. కాబట్టి పెంటగాన్ చుట్టుపక్కల ఉండే ఇరవై రెండేళ్ల యువకుడికి వీధిలో కనిపించే చట్టం ఒకటి, ఉద్యోగ పత్రంలో ఎదురయ్యే చట్టం మరొకటి. రహస్య సమాచారం ఫెడరల్ ప్రభుత్వానిది కనుక క్లియరెన్స్ విషయంలో చెల్లేది ఫెడరల్ చట్టమే. ఈ సంగతిని అప్పటి జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ జేమ్స్ క్లాపర్ 2014 అక్టోబరులోనే అన్ని సంస్థలకూ లిఖితపూర్వకంగా తెలియజేశారు. సెక్షన్ 23 కూడా, రాష్ట్ర చట్టం అనుమతించినా సరే, ఫెడరల్ చట్టం ప్రకారం ఏది అక్రమమో దానినే చెప్పాలని స్పష్టంగా అడుగుతుంది. వైద్యుడి సిఫారసుతో రాష్ట్రం ఇచ్చిన కార్డు ఉన్నా ఇందులో మినహాయింపు లేదు.

ఆ సెక్షన్ ఏమడుగుతుందో ఓపికగా చదవడం అవసరం, ఎందుకంటే చాలామంది భయంతో అందులో లేనివి ఊహించుకుంటారు, ఉన్నవి వదిలేస్తారు. అది ప్రధానంగా అడిగేది గడిచిన ఏడేళ్ల సంగతి. ఆ ఏడేళ్లలో ఏదైనా మాదకద్రవ్యాన్ని అక్రమంగా వాడారా అని అడుగుతుంది. వాడటం అంటే పొగ పీల్చడం ఒక్కటే కాదు, మింగడం, ఒక్కసారి రుచి చూడటం కూడా అందులోకే వస్తాయి కనుక గమ్మీ తిన్నా వాడినట్లే. వాడినట్లయితే మొదటిసారి ఏ నెలలో, చివరిసారి ఏ నెలలో, ఎన్నిసార్లు, ఎలాంటి పరిస్థితుల్లో, ఇకముందు వాడే ఉద్దేశం ఉందా, ఉంటే ఎందుకు, లేకపోతే ఎందుకు లేదు అన్నవన్నీ రాయాలి. కొనడం, అమ్మడం, పండించడం, ఇతరులకు అందజేయడం వేరే ప్రశ్నగా వస్తాయి. మా వాడు గమ్మీలు కొన్న రోజును ఆ రెండో ప్రశ్నకు కూడా జవాబుగా రాయవలసి వచ్చింది. నేను చదివి చెప్పేవరకు ఆ విషయం వాడికి తట్టలేదు. క్లియరెన్స్ చేతిలో ఉండగా ఎప్పుడైనా వాడారా, పోలీసు అధికారిగానో, ప్రాసిక్యూటర్‌గానో, ప్రజల భద్రతతో నేరుగా ముడిపడిన ఉద్యోగంలోనో ఉండగా వాడారా అన్న ప్రశ్నలకు మాత్రం ఏడేళ్ల గడువు వర్తించదు. జీవితంలో ఎప్పుడు జరిగినా చెప్పవలసిందే.

వాడిని భయపెట్టిన మరో ఆలోచన, తన చేత్తో తానే నేరం ఒప్పుకున్నట్లవుతుందేమో, ఆ కాగితం పట్టుకుని పోలీసులు వస్తారేమో అన్నది. ఆ సెక్షన్ ఆరంభంలోనే దానికి సమాధానం ఉంది: ఇక్కడ నిజాయితీగా ఇచ్చిన జవాబును గానీ, ఆ జవాబు ఆధారంగా తెలిసిన సమాచారాన్ని గానీ తర్వాత జరిగే క్రిమినల్ విచారణలో మీ మీద సాక్ష్యంగా వాడబోమని ప్రభుత్వం అందులో రాసి ఇస్తోంది. ఆ హామీ నిజమైన జవాబుకే. కావాలని అబద్ధం రాస్తే వర్తించేది ఫెడరల్ శిక్షాస్మృతిలోని 1001వ సెక్షన్, దాని కింద జరిమానాతో పాటు ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. నాలుగుసార్లు గంజాయి తీసుకున్నానని ఒప్పుకున్నవాడికి రక్షణ ఇచ్చి, తీసుకోలేదని బొంకినవాడికి శిక్ష చూపించే కాగితం ముందు కూర్చున్న పిల్లవాడికి నేను రెండో దారి చూపించాను.

ఇక నిర్ణయం ఎలా జరుగుతుందంటే, 2017 జూన్ 8 నుంచి అమలులో ఉన్న సెక్యూరిటీ ఎగ్జిక్యూటివ్ ఏజెంట్ డైరెక్టివ్ 4 అనే ఆదేశంలో ఏ నుంచి ఎమ్ వరకు పదమూడు మార్గదర్శకాలు ఉన్నాయి. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ ఏ స్థాయికైనా ఇవే. వాటిలో గైడ్‌లైన్ హెచ్ మాదకద్రవ్యాలకు సంబంధించినది. గంజాయి గురించి ప్రభుత్వానికి ఎందుకు పట్టింపు అన్న ప్రశ్నకు అది రెండు కారణాలు చెబుతుంది. మత్తు వల్ల శరీరమూ మనసూ అదుపు తప్పవచ్చన్నది మొదటిది. చట్టాన్ని, నియమాలను పాటించే శక్తి, ఇష్టం ఆ మనిషికి ఉన్నాయా అన్న సందేహం రెండోది. ఎప్పుడో ఒకనాడు తీసుకుని మానేసిన మా వాడి లాంటివాళ్లకు సంబంధించి అసలు ప్రశ్న ఈ రెండోదే అని నాకనిపిస్తుంది. రహస్య పత్రాలను ఇంటికి తీసుకురాకూడదన్న నియమం ఉన్నప్పుడు, ఆ నియమం తనకు అనవసరంగా తోచినా ఈ మనిషి పాటిస్తాడా అని వాళ్లు తెలుసుకోవాలనుకుంటారు. గంజాయి నిషేధం సబబా కాదా అన్న చర్చ, అది ఎంత విలువైనదైనా, వాళ్ల బల్ల ముందు చేయవలసినది కాదు.

అదే గైడ్‌లైన్ హెచ్, సందేహాన్ని తొలగించే పరిస్థితులను కూడా వరుసగా చెబుతుంది. వాడకం చాలా కాలం కిందటిదై ఉండటం, చాలా అరుదుగా జరగడం, లేదా మళ్లీ జరిగే అవకాశం లేని పరిస్థితుల్లో జరగడం మొదటి పరిస్థితి. రెండోది, మనిషి తాను చేసినది ఒప్పుకుని, మానుకోవడానికి తీసుకున్న చర్యలకు ఆధారాలు చూపి, కొంతకాలంగా దూరంగా ఉన్నట్లు రుజువు చేసుకోవడం. ఆ ఆధారాలలో మత్తు వాడే స్నేహితుల సహవాసం వదులుకోవడం, ఆ వాతావరణం మార్చుకోవడం, ఇకమీదట ఏ మాదకద్రవ్యం జోలికీ పోనని, పోతే క్లియరెన్స్ రద్దు చేయవచ్చని ఒప్పుకుంటూ సంతకం చేసిన ప్రకటన ఇవ్వడం ఉన్నాయి. వీటిపైన మనిషిని మొత్తంగా చూడాలన్న సూత్రం ఒకటి ఉంది: ఆ పని చేసినప్పుడు వయసు ఎంత, పరిణతి ఎంత, ఇష్టంగా చేశాడా, ఎన్నిసార్లు చేశాడు, ఎందుకు చేశాడు, తర్వాత ఏం మారింది అన్నవన్నీ తూచి చూస్తారు. తూచిన తర్వాత కూడా సందేహం మిగిలితే దానిని దేశ భద్రత పక్షానే తీర్చాలని ఆదేశం చెబుతుంది. 1988లో నౌకాదళ శాఖకూ ఈగన్‌కూ మధ్య జరిగిన కేసులో సుప్రీంకోర్టు క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని తేల్చింది. ఇది తెలిసినవాళ్లు దరఖాస్తును కొంత వినయంతో రాస్తారు.

2021 డిసెంబరు 21న అప్పటి జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఏవ్రిల్ హెయిన్స్ గంజాయి గురించే ప్రత్యేకంగా ఒక వివరణ పంపారు. మా మేనల్లుడి ఊపిరి కుదుటపడింది ఆ పత్రం చదివిన తర్వాతనే. గతంలో సరదాకు గంజాయి వాడి ఉండటం పరిశీలించదగిన విషయమే గానీ, అదొక్కటే నిర్ణయాన్ని తేల్చేది కాదని, ఎంత తరచుగా వాడారు, ఇకముందు వాడరని నమ్మకం కలిగించగలరా అన్నవి చూడాలని అందులో ఉంది. భద్రతా పరిశీలన మొదలైన క్షణం నుంచి గంజాయి పూర్తిగా మానాలని అభ్యర్థులకు ముందే చెప్పండి అని సంస్థలను కోరుతూ, ఆ క్షణం ఎప్పుడన్నది కూడా అందులో చెప్పారు. ఎస్ఎఫ్-86 మీద సంతకం చేసిన రోజే ఆ పరిశీలన మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన రోజు, క్లియరెన్స్ వచ్చిన రోజు అనుకుని, మధ్యలోని నెలలను ఖాళీ సమయంగా భావించే యువతకు ఈ ఒక్క సంగతి ఎవరైనా గట్టిగా చెప్పాలి. సంతకానికి ముందు తీసుకున్న నాలుగుసార్ల కన్నా, సంతకం తర్వాత తీసుకున్న ఒక్కసారి బరువైనది.

"ఎన్నాళ్లు ఆగితే సరిపోతుంది మామయ్యా?" అని వాడు అడిగాడు. అప్పటికి చివరిసారి తీసుకుని సుమారు పద్నాలుగు నెలలైంది. ఇన్ని నెలలని ఆ మార్గదర్శకాలలో ఎక్కడా గీత గీయలేదు. కాంట్రాక్టు కంపెనీల ఉద్యోగుల కేసులు విచారించే రక్షణశాఖ విభాగం ఒకటి ఉంది, దానిని డోహా అంటారు. అక్కడి న్యాయమూర్తుల తీర్పులను పేర్లు తీసివేసి అందరికీ చదువుకోవడానికి ఉంచుతారు. నేను రాత్రిళ్లు కూర్చుని వాటిలో చాలా చదివాను. ఒకే రకమైన వాడకానికి ఒకరికి క్లియరెన్స్ దక్కడం, మరొకరికి దక్కకపోవడం మొదట అయోమయంగా తోచినా, చదవగా చదవగా తేడా ఎక్కడుందో కనిపించసాగింది. కాలేజీ రోజుల్లో వాడి, ఉద్యోగం రాగానే ఆ స్నేహాలు మారి, మొదటి ఫారంలోనే అన్నీ రాసినవాళ్ల కథ న్యాయమూర్తికి నమ్మదగినదిగా ఉంటుంది. ఫారంలో ఒక సంఖ్య, ఇంటర్వ్యూలో మరో సంఖ్య, విచారణలో ఇంకో సంఖ్య చెప్పినవాళ్లు, ఇక వాడనని రాసిచ్చి తర్వాత వాడినవాళ్లు, "మా రాష్ట్రంలో తప్పు కాదు కదా" అని చివరిదాకా వాదించినవాళ్లు ఆ నమ్మకాన్ని పోగొట్టుకుంటారు. గడిచిన కాలం ఎంతన్నది ఆ కాలంలో మనిషి ఎలా బతికాడన్న దానితో కలిపి లెక్కిస్తారు.

నా సలహా పాటించి ఉంటే ఏం జరిగేదో ఇప్పుడు చెబుతాను. ఆ పదమూడింటిలో గైడ్‌లైన్ 'ఈ' అనేది వ్యక్తిగత ప్రవర్తనకు సంబంధించినది. భద్రతా ప్రశ్నావళిలో అవసరమైన విషయాన్ని ఉద్దేశపూర్వకంగా వదిలేయడం, దాచడం, మార్చి రాయడం అందులో మొదట చెప్పిన దోషం. గంజాయి విషయం కాలంతో పాటు పలచబడుతుంది, వయసు పెరిగేకొద్దీ అది కుర్రతనపు సంగతిగా మారుతుంది. దాచిన విషయం అలా కాదు. ఇరవై రెండేళ్లప్పుడు రాసిన అబద్ధం ముప్పై ఐదేళ్లప్పుడు పై స్థాయి క్లియరెన్స్ కోసం చేసే దర్యాప్తులో, లేదా అబద్ధాన్ని పట్టే యంత్రం ముందు బయటపడితే, ఆనాటి గంజాయిని ఎవరూ పట్టించుకోకపోయినా, ఆనాటి సంతకం మాత్రం ఇప్పటి మనిషిదే అవుతుంది. ఎవరు చూడవచ్చారు అన్నాను కదా. ఆ ఫారంలోనే మనతో కలిసి ఉన్నవాళ్లు, మనల్ని బాగా ఎరిగినవాళ్లు ఎవరో పేర్లూ ఫోన్ నంబర్లూ మనమే రాసిస్తాం. మా వాడు రాసిన ముగ్గురు స్నేహితుల్లో ఇద్దరు ఆ నాలుగుసార్లూ వాడి పక్కనే ఉన్నారు. దర్యాప్తు అధికారి అడిగితే వాళ్లు కూడా వీడి కోసం అబద్ధమాడాలి. ఆ మాట వాడే నాతో అన్నాడు, అన్నప్పుడు నాకు సిగ్గేసింది.

ఇప్పటికే దాచి ఫారం ఇచ్చేసినవాళ్లకు కూడా దారి పూర్తిగా మూసుకుపోలేదు. అవతలివాళ్లు ఎత్తి చూపించక ముందే, ఆలస్యం చేయకుండా, తమంతట తామే వెళ్లి సరిదిద్దుకుంటే దానిని దోషాన్ని తగ్గించే పరిస్థితిగా గైడ్‌లైన్ 'ఈ' పరిగణిస్తుంది. అధికారి ఆధారం ముందు పెట్టిన తర్వాత ఒప్పుకోవడానికి ఆ విలువ లేదు.

క్లియరెన్స్ వచ్చిన తర్వాత వాడటం పూర్తిగా వేరే వర్గానికి చెందిన తప్పు. 2008లో అమలులోకి వచ్చిన బాండ్ సవరణ అనే చట్టం ప్రకారం, ప్రస్తుతం మాదకద్రవ్యాలు అక్రమంగా వాడుతున్న మనిషికి ఏ ఫెడరల్ సంస్థా క్లియరెన్స్ ఇవ్వకూడదు, ఉన్నదానిని పునరుద్ధరించకూడదు. అంతకు ముందే, 1986 సెప్టెంబరులో అధ్యక్షుడు రీగన్ జారీ చేసిన 12564వ ఆదేశం ఫెడరల్ ఉద్యోగులు పని వేళల్లోనే కాక బయట కూడా మాదకద్రవ్యాలకు దూరంగా ఉండాలని శాసించింది. వారాంతంలో, సొంత ఇంట్లో, సొంత డబ్బుతో అన్న వాదన ఇక్కడ పనికిరాదు.

హెయిన్స్ పత్రంలో మనవాళ్లు గమనించవలసినవి మరో రెండున్నాయి. మోకాళ్ల నొప్పులకూ నిద్రకూ అంటూ అమ్మే సీబీడీ (గంజాయి జాతి మొక్క నుంచి తీసే, మత్తు కలిగించని పదార్థం) నూనెలు, గమ్మీలు లేబుల్ మీద చెప్పినదానికన్నా ఎక్కువ టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తు కలిగించే పదార్థం, కలిగి ఉండవచ్చు; 0.3 శాతం దాటితే అది ఫెడరల్ చట్టం కింద గంజాయే. ఆ లేబుళ్ల మీది టీహెచ్‌సీ శాతాన్ని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ధ్రువీకరించదు కనుక పరీక్షలో దొరికితే బాధ్యత తిన్నవాడిదే. అలాగే గంజాయి కంపెనీల షేర్లను తెలిసి నేరుగా కొనడం కూడా పరిశీలనకు వస్తుంది. అనేక కంపెనీల్లో పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో ఎక్కడో అలాంటి షేరు ఉంటే, అది తెలిసి చేసినదిగా భావించరు. స్టాక్ మార్కెట్ మీద మన కుర్రవాళ్లకున్న మక్కువ చూసి ఈ మాట రాస్తున్నాను.

మా మేనల్లుడు ఇక్కడే పుట్టాడు. గ్రీన్ కార్డు మీద ఉండి, పౌరసత్వం వచ్చాక ఇలాంటి ఉద్యోగాలకు వెళ్లాలనుకునే పిల్లల సంగతి ఇంకా సున్నితమైనది, వాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ. క్లియరెన్స్‌కు అమెరికా పౌరసత్వం కావాలి. పౌరసత్వానికి సత్ప్రవర్తన చూపాలి. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే గంజాయి వాడటం, గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేయడం ఆ సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని పౌరసత్వ, వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో తన విధానంలో స్పష్టం చేసింది. పౌరులు కానివారు ఫెడరల్ మాదకద్రవ్య నేరాన్ని ఒప్పుకుంటే, కేసు లేకపోయినా, దేశంలోకి మళ్లీ ప్రవేశించడానికే ఇబ్బంది రావచ్చు. పౌరసత్వ దరఖాస్తులో ఒక రకంగా చెప్పి, మూడేళ్ల తర్వాత ఎస్ఎఫ్-86లో అదే కాలానికి మరో రకంగా రాస్తే ఆ రెండు కాగితాలూ ఒకే ప్రభుత్వం చేతిలో ఉంటాయి. పైగా సెక్షన్ 23లో ఉన్న హామీ క్రిమినల్ విచారణల గురించి మాత్రమే మాట్లాడుతుంది. అందుచేత ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లు స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో సలహా అడగకుండా, ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే వలస చట్టం తెలిసిన న్యాయవాదిని కలవాలని ప్రాధేయపడుతున్నాను. గ్రీన్ కార్డు ఉన్న పిల్లలు అసలు ఆ జోలికే పోకుండా ఉండాలని తల్లిదండ్రులు వాళ్లను కూర్చోబెట్టి, కారణాలతో సహా, చెప్పడం మరింత మంచిది.

క్లియరెన్స్ ఒకటి, ఉద్యోగానికి ఆ సంస్థ పెట్టుకున్న షరతులు మరొకటి అని కూడా గుర్తుంచుకోవాలి. ఉదాహరణకు ఎఫ్‌బీఐ తన ఉద్యోగార్థులకు గంజాయి విషయంలో పూర్వం మూడేళ్ల ఎడం ఉండాలనేది, 2021లో దానిని దరఖాస్తుకు ముందు ఒక ఏడాదికి తగ్గించింది. పద్దెనిమిదేళ్లలోపు వాడకాన్ని అనర్హతగా చూడటం మానింది. అక్కడ గీత ఉంది, క్లియరెన్స్ మార్గదర్శకాల్లో లేదు. ఇక గంజాయిని షెడ్యూల్ 3కు మార్చాలని 2024 మేలో న్యాయశాఖ చేసిన ప్రతిపాదన చూసి మబ్బులు విడిపోయాయనుకున్నవాళ్లున్నారు. షెడ్యూల్ 3లోని పదార్థం కూడా నియంత్రిత పదార్థమే, వైద్యుడి చీటీ లేకుండా సరదాకు వాడితే అక్రమమే.

క్లియరెన్స్ ఇవ్వలేమని ప్రభుత్వం భావించినప్పుడు ఒక్కసారిగా తలుపు మూయదు. కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగి అయితే ఏయే కారణాలో చెబుతూ స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ పంపుతుంది, అందిన ఇరవై రోజుల్లో ఒక్కొక్క ఆరోపణకు జవాబివ్వాలి, న్యాయమూర్తి ముందు విచారణ కోరవచ్చు, ఓడితే అప్పీలు చేసుకోవచ్చు. ఆ కాగితం వచ్చినవాళ్లు మాత్రం ఒంటరిగా జవాబు రాయవద్దు.

మా మేనల్లుడు చివరకు ఏం రాశాడంటే, నాలుగుసార్లు అని రాశాడు, కొన్న సంగతి వేరే ప్రశ్న కింద రాశాడు, ఆ స్నేహితులతో ఇప్పుడు ఒకే ఊళ్లో లేనని, వాళ్లు అది బయటికి తీసే చోట కూర్చోనని, ఇక వాడే ఉద్దేశం లేదని రాశాడు. దానితో పాటు సంతకం చేసిన ప్రకటన ఒకటి సిద్ధంగా పెట్టుకున్నాడు. దర్యాప్తు పూర్తికాకముందే ఇచ్చే తాత్కాలిక క్లియరెన్స్ రాలేదు, కంపెనీ మాత్రం ఎదురుచూస్తామంది. వేసవిలో దర్యాప్తు అధికారి ఒకరు వాడితో గంటన్నర మాట్లాడారు. అందులో గంజాయి గురించి అడిగింది పది నిమిషాలేనట. ఆ పది నిమిషాల్లో వచ్చిన ఒక ప్రశ్న, ఈ విషయం మీ ఇంట్లోవాళ్లకు తెలుసా అన్నది. మనిషి దాచుకున్న రహస్యాన్ని పట్టుకుని ఎవరైనా బెదిరించవచ్చు కనుక వాళ్లకు అది అవసరమైన ప్రశ్న. తెలుసు, మా అమ్మకు నేనే చెప్పాను అన్నాడు వాడు. అక్టోబరులో క్లియరెన్స్ వచ్చింది.

అమ్మకు చెప్పడం మాత్రం నేననుకున్నంత తేలికగా జరగలేదు. ఫారం పంపడానికి ముందు రోజు రాత్రి, న్యూజెర్సీలో మా అక్క వంటింటి బల్ల దగ్గర మేం ముగ్గురం కూర్చున్నాం. వాడు చెబుతున్నంతసేపూ అక్క తల ఎత్తలేదు. దాచమని ముందు సలహా ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను. చాలాసేపటి తర్వాత ఆవిడ లేచి, కళ్లజోడు తెచ్చుకుని, ఆ పేజీ చూపించమంది. నెమ్మదిగా చదివి, చివరి తేదీ దగ్గర వేలు పెట్టి, "జనవరి అని రాశావు. ఆ ఏడు సంక్రాంతికి నువ్వు ఇక్కడికి వచ్చి వెళ్లావు కదా, ఇది అంతకు ముందా, తర్వాతా?" అని అడిగింది. వాడికి గుర్తులేదు. ఫోన్‌లో విమానం టికెట్లు, స్నేహితుడి పుట్టినరోజు ఫోటోలు వెతికి చూస్తే అది ఫిబ్రవరి మొదటి వారమని తేలింది. నెల పేరు సరిదిద్ది, మిగిలిన మూడు తేదీల పక్కన అవి అంచనాగా రాసినవని గుర్తు పెట్టి, ఆ తర్వాతే సంతకం చేశాడు.